టైరుకు పళ్ళుండవు మామయ్యా

ఒంగోలు చుట్టుపక్కల ఎద్దును కొనాలంటే ముందు దాని నోరు తెరవాలి. ధర సంగతి ఆ తర్వాత. పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగా, ఆరా అని చూసుకున్నాకే తువ్వాలు కింద చేతులు కలుస్తాయి. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు పెట్టినా విభాగాలు చాలావరకు పళ్ళ లెక్కే. ఆరు పళ్ళ గిత్తను నాలుగు పళ్ళ వరసలో నిలబెట్టారని గొడవ వస్తే తీర్పు చెప్పడానికి పిలిచే పెద్దమనుషుల్లో మా మామయ్య ఒకడు. ఉండేది కొండపి దగ్గర పల్లెలో. గిత్త కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగి, ఒక్క చూపు చూసి, వయసు చెప్పేస్తాడు. అమ్మేవాడు ఆరు నెలలు తగ్గించి చెప్పినా దొరికిపోతాడు.

ఇంత జాగ్రత్త మనిషి తన ట్రాక్టరు ట్రక్కుకు టైర్లు ఎట్టా కొన్నాడంటే, కాలితో తన్ని కొన్నాడు.

పాత టైర్లు గుండైపోయి లోపలి దారాలు కనిపిస్తుంటే, పొగాకు అమ్మకాలకు ముందే మార్చక తప్పదని ఒంగోలు వెళ్ళాడు. కొత్తవాటి ధర విని, బయటికొచ్చి సోడా తాగి, నేరుగా పాత టైర్లు అమ్మే దుకాణానికి నడిచాడు. అక్కడ రెండు టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయట. మామయ్య మొదటిదాన్ని తన్నాడు. రెండోదాన్ని ఇంకాస్త గట్టిగా తన్నాడు. తర్వాత అగ్గిపుల్ల తీసి బటన్ గాడిలో, అంటే నేలకు తగిలే పైపొర గాడిలో దింపాడు. పుల్ల చాలావరకు మునిగింది. పరీక్షలు అంతటితో పూర్తయ్యాయి. చెప్పిన ధరలో మూడోవంతు తగ్గించి, పైగా రెండు ట్యూబులు ఊరికే వేయించుకుని వచ్చాడు. ఊళ్ళో చాలా రోజులు ఆ బేరం కథే. అరుగు మీద కూర్చున్న ప్రతివాడి చేతా అగ్గిపుల్ల దింపించాడు. ఆ వారం అత్తయ్యకు పొయ్యి వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె దొరకలేదు.

ఏప్రిల్‌లో ఆయన అల్లుడు వచ్చాడు. చెన్నై పక్కన ఒరగడంలో టైర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అల్లుడన్నాక అత్తారింట్లో నోరు మెదపకూడదు, కూరలో ఉప్పు లేకపోయినా బాగుందనాలి. ఈ అబ్బాయికి ఆ మర్యాదలన్నీ తెలుసు. కానీ టైరు కనబడితే మాత్రం ఊరుకోవడం చేతకాదు. కాఫీ గ్లాసు పట్టుకుని ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"మామయ్యగారూ, ఈ టైర్లు ఏ సంవత్సరానివండీ?"

"ఈ ఏడువే అల్లుడుగారూ. ఉగాదికి ముందు కొన్నా."

"కొన్నది కాదండీ, తయారైంది."

"అదెవుడికి తెలుస్తది? పుట్టినరోజు రాసి పెడతారా ఏంది?"

"రాసే ఉంటుందండీ" అన్నాడు అల్లుడు, నేల చూపులు చూస్తూ.

మామయ్య లేచి కళ్ళజోడు పెట్టుకున్నాడు. టైరు మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి పైకి చదవడం మొదలుపెట్టాడు. "తొమ్మిది... సున్నా సున్నా... గీత... పదహారు. పదహారు! ఇదుగో, రెండువేల పదహారు."

"అది రిమ్ము సైజండీ. పదహారు అంగుళాలు."

మామయ్య కాస్త పక్కకు జరిగాడు. "ఇక్కడా పదహారే ఉంది. పదహారు పీఆర్. రెండుచోట్ల రాశారంటే ఇంకేం అనుమానం?"

"అది ప్లై రేటింగు మామయ్యగారూ. ఎంత బరువు మోస్తుందో చెబుతుంది."

"అన్నిటికీ పదహారే పెడితే రైతుకెట్టా తెలిసేది?"

ఈ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. టైరు పక్క గోడ మీద ఇన్ని అంకెలు ఉంటాయి గానీ, ఏది దేనికో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. వయసు చెప్పేవి నాలుగే అంకెలు. డీ, ఓ, టీ అనే మూడక్షరాలతో మొదలయ్యే వరస ఉంటే దాని చివర, లేదంటే విడిగా ఒక చిన్న గడిలో ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000కు ముందు తయారైన వాటికి మూడంకెలే. ఇంత ముఖ్యమైన సంగతిని చాలా టైర్ల మీద ఒకవైపే ముద్రిస్తారు. ఆ వైపు ట్రక్కు లోపలికి పోయేట్టు బిగించారంటే బయట నిలబడి చదివేవాడికి కంపెనీ పేరూ సైజూ తప్ప ఏమీ దొరకవు. మామయ్య టైర్లు రెండూ అట్టానే బిగించి ఉన్నాయి. ఎవరో కావాలని చేశారని నేననను. యాదృచ్ఛికంగా రెండూ అట్టా కుదిరాయని కూడా అనను.

డ్రైవరును కిందికి దూరమన్నారు అందరూ. మామయ్య ఒప్పుకోలేదు. తన సొమ్ము వయసు తనే చూసుకోవాలట. గోనెపట్టా పరిపించి, వెల్లకిలా పడుకుని, సెల్‌ఫోన్ లైటు వేసుకుని, ఖాళీ ట్రక్కు కిందికి పాక్కుంటూ పోయాడు. ఛాతీ దాకా సాఫీగానే వెళ్ళాడు. పొట్ట దగ్గర ఇరుసు అడ్డం వచ్చింది. అటూ పోలేక ఇటూ రాలేక, ఎట్టాగూ ఇరుక్కున్నాను గదా అని అక్కడి నుంచే చదివాడు.

"మూడు... నాలుగు... ఒకటి... ఒకటి!"

అప్పటికి ట్రక్కు చుట్టూ జనం చేరారు. "మూడువేల నాలుగువందల పదకొండు. అది ఎమ్మార్పీ" అన్నాడు పక్కింటాయన. "ఆ రేటుకి టైరు యాడొస్తది? బ్యాచ్ నంబరై ఉంటది" అన్నాడు కిరాణా కొట్టాయన. డ్రైవరు అందరికన్నా అనుభవజ్ఞుడు కాబట్టి, ముప్పై నాలుగు అంటే గాలి అనీ, పదకొండు అంటే నట్లనీ తేల్చాడు. "నట్లు ఆరే గదరా" అని లోపలి నుంచి మామయ్య అరిచాడు. లెక్కపెట్టడానికి ఆయనకు అంతకన్నా అనువైన చోటు లేదు.

"ముప్పై నాలుగో వారం, 2011" అన్నాడు అల్లుడు. "ఆగస్టు చివర."

ట్రక్కు కింద చప్పుడు లేదు. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య అందుకుంది. "ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు ఒకటిన వచ్చింది. అంటే చవితికి ముందు వారం. మన పిల్లకి ఆటలమ్మ పోసినప్పుడు." పంచాంగం, క్యాలెండరు, రేషన్ కార్డు మూడూ కలిపితే మా అత్తయ్య. పదమూడేళ్ళు నిండి పద్నాలుగు నడుస్తోందని వేళ్ళ మీద లెక్కకట్టి మరీ చెప్పింది.

రెండో టైరు మీద 0709. మామయ్యకు ఆశ పుట్టి "జులై!" అన్నాడు. నెల కాదు వారం, కాబట్టి ఫిబ్రవరి అన్నాడు అల్లుడు. "జులై అయితే మాత్రం ఏం లాభం అయ్యా, వెనకాల తొమ్మిది ఉందిగా" అన్నాడు డ్రైవరు. ఆ మాటకు వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా, ఇద్దరు మనుషులు కాళ్ళు పట్టి లాగితే గానీ మామయ్య బయటికి రాలేదు.

బయటికొచ్చాక ఆయన వాదన ఒకటే. "ఎప్పుడు పుడితే ఏంది, బటన్ ఉందా లేదా?"

ట్రక్కు టైర్ల విషయంలో అందరూ బోల్తాపడేది ఇక్కడే. లారీ రోజూ తిరుగుతుంది కాబట్టి దాని టైరు అరిగి చస్తుంది. పొలం ట్రక్కు అట్టా కాదు. పొగాకుకో నెల, వడ్లకో నెల తిరిగి, మిగతా ఏడాదంతా దొడ్లో ఎండలో నిలబడి ఉంటుంది. దాని టైరు ఎండి చస్తుంది. రబ్బరు పగలకుండా తయారీలోనే ఒక రకం మైనం కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు నలుగుతుంటే ఆ మైనం పైకి వస్తూ కాపాడుతుంది. నిలబెట్టిన బండికి ఆ యోగం లేదు. ఎండా, గాలిలోని ఓజోనూ కలిసి పక్క గోడను బీటలు తీస్తాయి. బటన్ మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. అయిదారేళ్ళు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్ళకు చూపించాలనీ, పదేళ్ళు నిండితే బటన్ ఎంతున్నా తీసెయ్యాలనీ చాలా టైరు కంపెనీలే చెబుతాయి. రీబటన్ చేయించినా పైపొర కొత్తదవుతుంది గానీ లోపలి టైరు వయసు తగ్గదు.

అల్లుడు ఇవన్నీ చెప్పి ఊరుకోలేదు. తడిగుడ్డకు కాస్త సబ్బు రాసి టైరు పక్క గోడను రుద్దాడు. దుకాణంలో పూసిన నలుపంతా గుడ్డకు వచ్చింది. అడుగున సన్నటి బీటలు, రిమ్ము చుట్టూ వరసగా. అరుగు మీదివాళ్ళంతా ఒంగి చూశారు. పక్కింటాయన గోరు దూర్చి చూశాడు. అగ్గిపుల్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ మర్నాడు పొద్దున్నే పొగాకు బేళ్ళు వేలం కేంద్రంలో ఉండాలి. పొగాకు బోర్డు ఏ ఊరికి ఏ రోజో ముందే చెబుతుంది, ఆ రోజు దాటితే మళ్ళీ మన వంతు దాకా ఆగాలి. అప్పటికప్పుడు కొత్త టైర్లంటే డబ్బూ సర్దాలి. నిదానంగా పోతే ఏం కాదని మామయ్య తీర్మానించాడు. ఒట్టి తీర్మానంతో వదలక, ముసలి టైరుకు బలం కావాలి గదా అని, మామూలు కంటే పది పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించాడు. అల్లుడు "వద్దండీ" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అల్లుడు కదా.

మధ్యాహ్నానికి లోడు పూర్తయింది. ఒక్కో బేలు క్వింటాలు పైమాటే. ట్రక్కును అట్టానే ఎండలో వదిలి అందరూ భోంచేసి పడుకున్నారు. దాని పక్కనే నులక మంచం మీద పాత పంచె పరిచి అత్తయ్య బూడిద గుమ్మడి వడియాలు ఎండబెట్టింది. ఎండ బాగా తగిలే చోటు దొడ్లో అదొక్కటే.

రెండున్నరకు ఢామ్మని పేలింది. మామయ్య "సిలిండరు!" అని లేచాడు. కిరాణా కొట్టాయన ట్రాన్స్‌ఫార్మరనుకుని లైన్‌మన్‌కి ఫోన్ చేశాడు. దుమ్ము తగ్గాక చూస్తే ట్రక్కు ఒక పక్కకు ఒరిగి ఉంది. పై వరస బేళ్ళు రెండు జారి సరిగ్గా వడియాల మంచం మీద పడ్డాయి. మంచం నాలుగు కోళ్ళూ నాలుగు దిక్కులకు పోయాయి. ఆ సమయంలో దొడ్లో ఎవరూ లేకపోబట్టి ఇది నవ్వుకునే కథ అయింది. నిండుగా గాలి ఉన్న టైరు పేలితే రబ్బరు ముక్కలే కాదు, ఒక్కోసారి రిమ్ము రింగు కూడా ఎగిరొచ్చి తగులుతుంది.

మామయ్య టైరు దగ్గర కూర్చున్నాడు. పక్క గోడ జానెడు పొడుగున చీలింది. చాలాసేపు తడిమి చూసి, పైకి చూసి అన్నాడు.

"బటన్ చూడండ్రా. చెక్కు చెదరలేదు."

అత్తయ్య ఏమీ అనలేదు. చెదిరిన వడియాల్లో పనికొస్తాయనుకున్నవి ఏరి, రాత్రి వేయించి అల్లుడి విస్తట్లో వేసింది. వాటికి అంటుకున్నది బర్లీ రకం కాదు, వర్జీనియా పొగాకు. అబ్బాయి ఒకటి నమిలి, మర్యాద తప్పకుండా, "ఘాటు బాగుందత్తయ్యా" అన్నాడు.

లోడు మార్చడానికి ఊళ్ళో ఇంకో ట్రక్కు కావాల్సి వచ్చింది. ఇక చూడాలి ఆ రాత్రి సందడి. సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని మగవాళ్ళంతా ఒకళ్ళ ట్రక్కు కింద ఒకళ్ళు. "నాది పద్దెనిమిది!" "నీది నయం, నాది పన్నెండు." "ఇదేందిరా, మూడంకెలే ఉండాయి?" ఆ మూడంకెల స్టెప్నీ ఎవరిదో చెప్పను, ఆయన నాకు వరసకు పెదనాన్న. అందరిలోకి పడుచు టైర్లున్న ట్రక్కు ఎవరిదో తేలాక, దాని యజమాని ఆ రాత్రికి రాత్రే బాడుగ పెంచాడు.

బేళ్ళు వేలానికి చేరాయి. జారిపడ్డ రెండింటిలో ఒకటి, ఎవరూ పాట పాడక, నో బిడ్ అయి వెనక్కి వచ్చింది. అది పడటం వల్ల కాదు, మామూలుగానే ఆ ఆకు అంతంత మాత్రం. కానీ మామయ్య ఇప్పటికీ ఆ నష్టాన్ని టైరు ఖాతాలోనే రాస్తున్నాడు.

ఆ తర్వాత కొత్త టైర్లు కొన్నారు. ఈసారి మామయ్య దుకాణంలో కాలు కదపలేదు. "బయటికి దొర్లించు, అంకెలు చూడాలి" అన్నాడు. దుకాణంవాడు తీసిన మొదటి జత కొత్తదే గానీ తయారై మూడేళ్ళు దాటింది. అది వెనక్కి పంపించి, కొత్త స్టాకు తెప్పించేదాకా బల్ల మీద కూర్చుని మూడు టీలు తాగాడు. అంకెలు బయటి వైపుకే రావాలని బిగించేవాడి పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపిస్తున్నాడు. పని లేని నెలల్లో ఇరుసు కింద దిమ్మలు పెట్టి, టైర్ల మీద గోనెపట్టాలు కప్పిస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వితే నవ్వనీ అంటాడు.

మిగిలింది ఆ రెండో టైరు, 2009 నాటిది. గోడకు ఆనించి ఉంచితే, పొదిలి వైపు నుంచి పాత సామాన్ల కోసం తిరిగే ఒకాయన చూసి ఆగాడు.

"ట్రక్కు టైరేనా అన్నా? బటన్ బ్రహ్మాండంగా ఉంది. మూడు వేలిస్తా."

మామయ్య ఛాతీ తనకు తెలియకుండానే ముందుకొచ్చింది. "అగ్గిపుల్ల దింపి చూడు" అన్నాడు.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "సున్నా ఏడు, సున్నా తొమ్మిది." ఆ వెనకే తనూ వచ్చి, చేతిలోని కొడవలి డ్రైవరుకిచ్చింది. వాడు టైరు పక్క గోడను నాలుగుచోట్ల కోసేశాడు. ఇంకెవరూ దాన్ని ఇరుసుకు ఎక్కించలేరు.

వచ్చినాయన కాసేపు తల గోక్కుని, "పోనీ కిలోల లెక్కన ఇస్తావా అన్నా?" అన్నాడు.

మామయ్య మొహం మళ్ళీ వెలిగింది. "ఇస్తా. కానీ బటన్ చూశావుగా, బరువు బాగా తూగుద్ది."