అప్పుడు చలి, ఇప్పుడు చపాతీ

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో దక్షిణాసియా మూలాలున్న కుర్రాళ్లు ఎందుకు కనపడరని ఎప్పుడు అడిగినా జవాబు రెడీగా ఉంటుంది. వాళ్లకు క్రికెట్ పిచ్చి, అమ్మానాన్నలకు డాక్టర్ చదువుల పిచ్చి, తినే చపాతీల్లో బలం లేదు, ఒళ్లు పీలగా ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో నూటికి తొమ్మిది మందికి పైగా ఆసియా మూలాలవాళ్లేనని 2021 జనగణన తేల్చింది. ప్రీమియర్ లీగ్‌లో మాత్రం ఏ సీజన్‌లో చూసినా దక్షిణాసియా వాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

ఈ సాకులు కొత్తవేం కావు. నిన్నమొన్నటి దాకా నల్లజాతి ఆటగాళ్ల మీద వాడినవే. చలికాలం గట్టెక్కాలంటే జట్టులో తెల్లవాళ్లు కూడా ఉండాలని 1991లో టీవీలో సెలవిచ్చింది క్రిస్టల్ ప్యాలెస్ ఛైర్మన్ రాన్ నోడ్స్. ఇయాన్ రైట్, మార్క్ బ్రైట్ లాంటి నల్లజాతి ఆటగాళ్లతో ఆ క్లబ్ లీగ్‌లో మూడో స్థానానికి ఎక్కింది కూడా ఆ ఏడాదే!

అంతకు చాలా ముందే నల్లజాతి ఆటగాడు జాక్ లెస్లీకి జరిగింది చూడండి. 1925లో ప్లిమత్ ఆర్గైల్ క్లబ్‌కు ఆడుతున్న ఆయన ఇంగ్లండ్‌కు ఎంపికయ్యాడన్నారు. కొద్ది రోజుల్లోనే పేరు మాయం. తన రంగు తెలిశాకే కొట్టేశారని ఆయన నమ్మకం. ఆట మానేశాక వెస్ట్‌హామ్ క్లబ్‌లో కుర్ర స్టార్ల బూట్లు తుడిచి, 1988లో కన్నుమూశాడు. గౌరవ క్యాప్ (దేశానికి ఆడినవాళ్లకు ఇచ్చే టోపీ) అందించడానికి ఫుట్‌బాల్ సంఘానికి 2023 దాకా తీరిక దొరకలేదు.

ఆ సాకులు పోయింది ఎవరి మనసో కరిగి కాదు. రెగిస్, కనింగ్‌హామ్, బ్యాట్సన్ అనే ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లనూ వెస్ట్ బ్రామ్ క్లబ్ కోచ్ రాన్ అట్కిన్సన్ వారం వారం బరిలోకి దించాడు. వాళ్లు గెలిపించి చూపారు. (అదే అట్కిన్సన్ 2004లో టీవీ వ్యాఖ్యాతగా ఉన్నప్పుడు మైక్ ఆగిపోయిందనుకుని ఓ నల్లజాతి ఆటగాడిని జాతి పేరుతో తిట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.) 1978లో వివ్ ఆండర్సన్ ఇంగ్లండ్ సీనియర్ జట్టు జెర్సీ తొడిగిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆ తర్వాత పదేళ్లకు కూడా మరో నల్లజాతి ఆటగాడు జాన్ బార్న్స్ కాళ్ల దగ్గర, అవమానించడానికి ప్రేక్షకుల్లోంచి విసిరిన అరటిపండు పడింది. ఆడనిచ్చారు కాబట్టే ఆటతో జవాబు చెప్పగలిగారు. ఆ ఛాన్సే దక్షిణాసియా కుర్రాళ్లకు దక్కడం లేదు.

కుటుంబాలు కూడా పిల్లలను ప్రోత్సహించాలన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆదివారాల్లో జరిగే స్థానిక లీగుల్లో వాళ్ల జట్లు దశాబ్దాలుగా ఆడుతూనే ఉన్నాయి. రానిది క్లబ్బుల కోసం కుర్రాళ్లను వెతికే స్కౌట్లే. ఇక ఒంటి బలం సంగతా? మన హైదరాబాదీ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్ చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పుడు వాళ్లు తిన్నదీ ఈ తిండే.

ఈ సమస్యపై 1996లోనే నివేదిక వచ్చింది. క్లబ్బులు ఇప్పటికీ టీషర్టులు పంచుతూ, బ్యానర్లు కడుతూ కాలం గడుపుతున్నాయి. ఫొటోలు చాలు. కిందటి సీజన్‌లో ఆ ఆదివారం మ్యాచులకు ఎంతమంది స్కౌట్లను పంపారు, ఎంతమంది పిల్లలను అకాడమీలో చేర్చుకున్నారు, ఎంతమందిని ఏ కారణంతో తీసేశారు? ముందు ఆ లెక్క బయటపెట్టండి.