ఓటరు నమోదు హైస్కూల్లోనే పూర్తవ్వాలి

అమెరికాలో 18 ఏళ్లు నిండితే ఓటు హక్కు వస్తుంది. ఓటరు జాబితాలోకి పేరు ఎక్కించుకునే బాధ్యత మాత్రం చాలావరకు పౌరుడి మీదే ఉంటుంది. మన దగ్గరైతే బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి ఎవరున్నారో, ఎవరికి కొత్తగా వయసు వచ్చిందో అడిగి రాసుకుంటారు. అక్కడ అలా వచ్చి అడిగేవాళ్లు లేరు. నార్త్ డకోటా ఒక్కటే నమోదు అక్కర్లేని రాష్ట్రం. మిగతా చోట్ల నియమాలు రాష్ట్రానికో రకం. మిన్నెసోటాలో పోలింగ్ రోజునే నమోదు చేసుకుని ఓటేయొచ్చు. టెక్సస్‌లో 30 రోజుల ముందే గడువు ముగుస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్లో పిల్లాడో ఇదంతా ఎవరూ చెప్పకుండా తెలుసుకోవాలని అనుకోవడం అన్యాయం.

ఫలితం అంకెల్లో కనిపిస్తోంది. సెన్సస్ బ్యూరో లెక్క ప్రకారం 2020 అధ్యక్ష ఎన్నికల్లో 65 నుంచి 74 ఏళ్ల పౌరుల్లో 76 శాతం ఓటేశారు. 18 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 51.4 శాతమే. ఈ అంకె చూసి, ఈ తరానికి రాజకీయాలు పట్టవని తేల్చేయడం సులువు. నేను ఒప్పుకోను. అభ్యర్థి నచ్చక ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఏ వయసులోనైనా ఉంటారు. కానీ మొదటిసారి ఓటేయాల్సిన వాళ్లలో చాలామంది అంతకంటే ముందే, నమోదు దగ్గరే ఆగిపోతున్నారు. ఓటేద్దామనిపించే సమయానికి గడువు దాటిపోయి ఉంటుంది.

వియత్నాం యుద్ధానికి 18 ఏళ్ల కుర్రాళ్లను పంపుతూ ఓటుకు మాత్రం 21 ఏళ్లు నిండాలనడం ఏం న్యాయమన్న ప్రశ్నే 26వ రాజ్యాంగ సవరణకు దారి తీసింది. ఓటు వయసును 18కి తగ్గించే ఆ సవరణను 1971 మార్చిలో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఆమోదిస్తే, జూలై 1 నాటికల్లా సరిపడా రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. అమెరికా చరిత్రలో అంత వేగంగా ఆమోదం పొందిన సవరణ మరొకటి లేదు. వయసైతే తగ్గించారు. ఆ వయసు పిల్లల పేరు జాబితాలోకి ఎవరు చేర్చాలన్నది మాత్రం ఎవరి పనీ కాకుండా ఉండిపోయింది.

అది హైస్కూల్ పని అని నా వాదన. అక్కడ హైస్కూల్ అంటే 12వ తరగతి దాకా. కాలేజీ పిల్లల నమోదు గురించి చాలా హడావుడి జరుగుతుంది, మంచిదే. కానీ 2022లో హైస్కూల్ పూర్తి చేసినవాళ్లలో వెంటనే కాలేజీలో చేరింది 62 శాతం. మిగిలినవాళ్లు ఉద్యోగాల్లోకి, సైన్యంలోకి, ఇంటి బాధ్యతల్లోకి వెళ్లిపోతారు. వాళ్లందరినీ మళ్లీ ఒక్కచోట కలుసుకునే అవకాశం ఎవరికీ దొరకదు. ధనికులు, పేదలు, కాలేజీకి వెళ్లేవాళ్లు, వెళ్లనివాళ్లు ఒకే గదిలో కూర్చునేది హైస్కూల్ చివరి ఏడాది, అంటే సీనియర్ సంవత్సరం, ముగిసే వరకే.

వయసు అడ్డం వస్తుందనే భయం అక్కర్లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో 16 ఏళ్లకే ముందస్తు నమోదు చేసుకోవచ్చు, 18 నిండగానే అది అమల్లోకి వస్తుంది. టెక్సస్‌లో 17 ఏళ్ల 10 నెలలకు దరఖాస్తు ఇవ్వొచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులోనే ఓటరు నమోదు అవకాశం ఇవ్వాలని 1993లో చట్టం వచ్చింది కాబట్టి, లైసెన్స్ తీసుకునే పిల్లలకు ఆ దారి ఉంది. ఇంట్లో కారు లేక లైసెన్స్ తీసుకోని పిల్లల్లో చాలామందికి ఆ దారి తగలదు. బడి అవసరం ఎక్కువగా వాళ్లకే.

ప్రతి హైస్కూల్ ప్రిన్సిపాల్ ఏడాదికి కనీసం రెండుసార్లు అర్హులైన విద్యార్థులకు ఫారాలు ఇవ్వాలని టెక్సస్ చట్టంలోనే ఉంది. అయితే పంచినంత మాత్రాన నమోదు అయిపోదు. అక్కడ ఆన్‌లైన్‌లో కొత్తగా నమోదు చేసుకునే వీలు సాధారణంగా ఉండదు. కాగితం నింపి, సంతకం పెట్టి, కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి స్థానిక పాలన కార్యాలయానికి, చేర్చాలి. బ్యాగులోకి వెళ్లిన ఫారం బయటికి రావడం ఎంత అరుదో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెప్పే గవర్నమెంట్ క్లాసులో ఒక పీరియడ్ దీనికే కేటాయించాలి. లైసెన్స్ నంబరో, ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి నాలుగు అంకెలో తెలుసుకుని రమ్మని ముందు రోజే చెప్పాలి. సంతకం గురించి కూడా చెప్పాలి. ఈ వయసు పిల్లల్లో చాలామందికి స్థిరమైన సంతకం ఉండదు. పోస్టులో పంపిన బ్యాలెట్ మీది సంతకం రికార్డులో ఉన్నదానితో కలవకపోతే ఆ ఓటు తిరస్కరణకు గురికావచ్చు. వాషింగ్టన్ రాష్ట్ర ఆడిట్ 2022లో చూసినప్పుడు చిన్న వయసు ఓటర్ల బ్యాలెట్లే ఎక్కువగా తిరస్కరణకు గురవుతున్నాయని తేలింది.

ఇదంతా ఒక పార్టీకి లాభం చేసే పని అనే ఆరోపణ ఉంది. నార్త్ కరోలినా 2013లో ముందస్తు నమోదును రద్దు చేసింది, 2016లో కోర్టు తీర్పుతో అది తిరిగి వచ్చింది. ఓటరు నమోదు చేయించే సంస్థలు తప్పు చేస్తే ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా పడేలా ఫ్లోరిడా 2023లో చట్టం మార్చింది. స్వచ్ఛంద సంస్థలు వెనక్కి తగ్గే ఇలాంటి వాతావరణంలో బడి బాధ్యత మరింత పెరుగుతుంది. టీచర్ ఏ పార్టీ పేరూ ఎత్తకూడదు. కానీ ఫారంలో పార్టీ గడి ఎందుకుందో చెప్పి తీరాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ఆ గడి ఖాళీగా వదిలేస్తే పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో ఓటు ఉండదు. ఆ సంగతి చెప్పి, ఏం రాయాలన్నది విద్యార్థికే వదిలేయాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన విషయం పౌరసత్వం. తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా తగిలేది. ఒకే క్లాసులో అక్కడే పుట్టిన అమ్మాయి, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా వచ్చే హెచ్-4 వీసా మీదున్న అబ్బాయి, గ్రీన్ కార్డున్న మరొకరు పక్కపక్కనే కూర్చుంటారు. అందరూ అదే యాసలో మాట్లాడతారు, అదే టీమ్‌లో ఆడతారు. పౌరులు కానివాళ్లు పౌరులమని ఫారంలో టిక్ పెడితే, 1996 నాటి వలస చట్టం ప్రకారం దేశం నుంచి పంపేసే దాకా వెళ్లొచ్చు, గ్రీన్ కార్డుకు శాశ్వతంగా అడ్డుపడొచ్చు. మినహాయింపులు చాలా తక్కువ. తల్లిదండ్రులు పదిహేనేళ్లు క్యూలో నిలబడి కాపాడుకుంటూ వచ్చిన భవిష్యత్తు ఒక్క టిక్కుతో పోతుంది.

కాబట్టి నూటికి నూరు శాతం నమోదు చేసిన క్లాసుకు బహుమతి లాంటి పోటీలు పెట్టకూడదు. పౌరులెవరో చేతులెత్తమని అడగకూడదు. ఫారం ఎవరికి వర్తిస్తుందో, ఎవరు ముట్టుకోకూడదో మొదటే స్పష్టంగా చెప్పాలి. ఖాళీ ఫారం ఎందుకు తిరిగి ఇచ్చావని ఎవరూ అడగకూడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2001 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, పిల్లలకు 18 నిండకముందు తల్లిగానీ తండ్రిగానీ అమెరికా పౌరసత్వం తీసుకుంటే, గ్రీన్ కార్డుతో వాళ్ల సంరక్షణలో అక్కడే ఉంటున్న పిల్లలు కూడా ఆ క్షణమే పౌరులవుతారు. విడిగా ప్రమాణం చేయక్కర్లేదు. ఈ సంగతి తెలియక, తాము ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నామనుకునే పిల్లలు ఉంటారు. చదువు పాడవుతుంది, ఇవన్నీ ఇప్పుడెందుకు అనే అమ్మానాన్నలు ఆ కాగితాలు ఒకసారి బయటికి తీసి, నీ స్థితి ఇది అని పిల్లలకు చెప్పాలి. ఆ పని బడి చేయలేదు.

వేసవి తర్వాత ఇల్లు వదిలి వెళ్లే పిల్లలకు ఇంకో విషయం అదే పీరియడ్‌లో తెలియాలి. కాలేజీ ఉన్న ఊళ్లో విద్యార్థులు ఓటేయొచ్చా అన్న వివాదం టెక్సస్‌లోని ప్రెయిరీ వ్యూ కాలేజీ విద్యార్థుల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1979లో విద్యార్థుల పక్షాన తేలింది. కాలేజీ ఊరే తన నివాసమనుకుంటే అక్కడ, ఇల్లే అనుకుంటే ఇంటి దగ్గర, ఏదో ఒక్కచోటే ఓటు. కాలేజీ దగ్గర కావాలనుకుంటే చిరునామా మార్పును గడువులోగా ఆ కౌంటీకి పంపాలి. ఇంటి దగ్గరే ఉంచుకుంటే బ్యాలెట్ పోస్టులో తెప్పించుకోవడానికి ఆ రాష్ట్రం ఏం అడుగుతుందో కనుక్కుని సెప్టెంబర్‌లోనే దరఖాస్తు పెట్టాలి.