మంచాన పడితే ఎవరు చూస్తారు? ఆ ఫార్వర్డ్‌కి జవాబు

అపార్ట్‌మెంటు గ్రూపు, బంధువుల గ్రూపు, రిటైరైన ఉద్యోగుల గ్రూపు, ఎక్కడ చూసినా అదే మెసేజ్. ‘విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు శుభవార్త’ అని మొదలవుతుంది. సీనియర్ లివింగ్‌లో, అంటే పెద్దవాళ్ల కోసమే కట్టి కంపెనీలు నడిపే నివాసాల్లో, చేరితే ఇక దేనికీ వెతుక్కోనక్కర్లేదని ఏడు పాయింట్లు చెబుతుంది. డిపాజిట్ పైసాతో సహా వెనక్కి వస్తుందట. ఇరవై నాలుగ్గంటలూ డాక్టరు, అంబులెన్సు ఉంటాయట. మంచాన పడినా, మతిమరుపు వచ్చినా చివరిదాకా వాళ్లే చూసుకుంటారట, పిల్లలు రానే అక్కర్లేదట. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం), 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉన్నాయి కాబట్టి మోసం జరగదట, ఇల్లు పిల్లల పేర రాసేసి హాయిగా వెళ్లిపోవచ్చట, కావాలంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చట. నర్సింగ్ ఖర్చు ఇన్సూరెన్సులో వస్తుందట. ఇంటి భోజనం, యోగా, భజన ఉంటాయట. చేరేదేదో అరవై అయిదుకే చేరాలట.

పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ దీన్ని నమ్మి ఉన్న ఇల్లు అమ్ముకునేవాళ్లున్నారు, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

భోజనం, యోగా, భజన సంగతి నిజమే, చాలాచోట్ల బాగానే ఉంటాయి. వంట కాంట్రాక్టరు మారినప్పుడల్లా రుచి మారుతుంది. ఉప్పు తగ్గించి, మెత్తగా వండి విడిగా పెడతారా అని అడగండి, అంతకంటే దాని గురించి చర్చ అనవసరం.

ఇన్సూరెన్సు పాయింటు శుద్ధ తప్పు. ఆరోగ్య బీమా పాలసీల్లో మామూలుగా ఉండే మినహాయింపుల్లో ఒకటి సరిగ్గా ఇదే: స్నానం చేయించడం, తినిపించడం, మంచం మీంచి లేపడం లాంటి రోజువారీ సాయానికి, ఇంట్లో అయినా నర్సింగ్ హోములో అయినా, డబ్బు రాదు. డెబ్బై దాటినవాళ్లకు 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకి. ఆయా జీతానికి అది పనికిరాదు.

డిపాజిట్ దగ్గరికొద్దాం. వెనక్కి వస్తుంది నిజమే. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నదే ప్రశ్న. ఏటా కొంత శాతం కోసుకునే ఒప్పందాలున్నాయి. ఆ గదిలోకి ఇంకొకరు చేరాకే ఇస్తామనే ఒప్పందాలున్నాయి, అంటే గడువే లేదన్నమాట. ‘ఖాళీ చేసిన తేదీ నుంచి ఇన్ని రోజుల్లోగా’ అని అంకె వేయించుకోకపోతే ఆ డబ్బు వాళ్ల వ్యాపారం సాగినప్పుడు వస్తుంది. పోనీ మొత్తం వచ్చిందనే అనుకుందాం. డిపాజిట్ 30 లక్షలనుకుంటే, అదే డబ్బు ప్రభుత్వ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం లెక్కన ఏడాదికి 2,46,000 రూపాయలు, అంటే నెలకు 20,500. మీరు కట్టే నెలవారీ ఛార్జీకి ఇది కలుపుకుంటేనే అసలు అద్దె తెలుస్తుంది. ఏటా పెంపు ఎంతో కూడా చూడండి. నెలకు 40 వేలు, ఏటా 8 శాతం పెంపు అని ఉంటే తొమ్మిదేళ్లకు 80 వేలు. పింఛను అలా పెరగదు. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? ట్రస్టుగా నమోదై, ఉండటానికీ తిండికీ నిర్వహణకీ కలిపి మనిషికి నెలకు 25 వేల లోపు తీసుకునే వృద్ధాశ్రమాలకు మినహాయింపు ఉంది. కంపెనీ నడిపేవాటికి ఆ మినహాయింపు లేదు.

చట్టాల పాయింటు ఇంకా గజిబిజి. రెరా చట్టం ఫ్లాటు కొన్నవాళ్లకు. ఫ్లాటు అద్దెకు తీసుకున్నవాళ్లు ‘అలాటీ’ (ఫ్లాటు కేటాయించబడిన మనిషి) కిందకి రారని ఆ చట్టం నిర్వచనంలోనే ఉంది. డిపాజిట్ కట్టి అద్దెకు ఉండే పద్ధతిలో చేరితే రెరా తలుపు తట్టి లాభం లేదు. కొన్నవాళ్లకైనా గోడ పగిలితే అయిదేళ్లదాకా బాగుచేసే బాధ్యత బిల్డరుది. రాత్రి నర్సు రాలేదంటే దానికి రెరా ఏం చేస్తుంది? కేంద్రం 2019లో రిటైర్మెంట్ హోములకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, బాగానే రాశారు, కానీ అవి నమూనాలు. రాష్ట్రం తనవిగా చేసుకుంటే తప్ప కంపెనీ మెడకు చుట్టుకోవు. సేవలు సరిగా లేవన్న గొడవకు దారి వినియోగదారుల కమిషన్. గొడవ మొదలైన రెండేళ్లలోగా కేసు వెయ్యాలి. 50 లక్షల వరకు చెల్లించిన వ్యవహారమైతే జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1915.

2007 చట్టం పిల్లల మీద. ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెడితే పిల్లల నుంచి నెలకు 10 వేల వరకు ఇప్పిస్తారు. కంపెనీ మీద ఫిర్యాదుకి ఆ చట్టంలో చోటు లేదు. ఇక ‘ఇల్లు రాసేయండి, చట్టం ఉంది, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆ చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం ఇల్లు వెనక్కి రావాలంటే, మమ్మల్ని చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చామని తేలాలి. సుదేశ్ ఛికారా కేసులో 2022లో సుప్రీంకోర్టు ఈ సంగతే నొక్కి చెప్పింది. ఊర్మిళా దీక్షిత్ కేసులో 2025 జనవరిలో అదే కోర్టు వృద్ధుల పక్షాన కాస్త ఉదారంగా చూసింది, కానీ అక్కడ చూసుకుంటామని రాసుకున్న కాగితం ఉంది. కాబట్టి గిఫ్ట్ డీడ్ రాయక తప్పకపోతే ఆ షరతు డీడ్‌లోనే, తెలుగులో, విడిగా ఒక పేరాగా రాయించండి. అంతకంటే మంచిది, బతికుండగా రాయకండి. వీలునామా చాలు.

డాక్టరు, అంబులెన్సు. ‘ఆన్ కాల్’ అంటే ఫోన్లో దొరుకుతాడని, మెట్ల కింద కూర్చుంటాడని కాదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆవరణలో ఉండే మనిషి ఎవరు, నర్సింగ్ డిప్లొమా చేసిన జీఎన్ఎం నర్సా, అంతకంటే తక్కువ శిక్షణ ఉన్న ఏఎన్ఎమ్మా, లేక యూనిఫాం వేసుకున్న ఆయానా? అంబులెన్సు డ్రైవరు రాత్రి అక్కడే పడుకుంటాడా? ఆక్సిజన్ సిలిండరు మీద మీటరు ముల్లు ఎక్కడుంది? స్ట్రెచర్ ఆరడుగులకు పైన ఉంటుంది. ఆరుగురో ఎనిమిది మందో పట్టే మామూలు లిఫ్టు లోపల నాలుగైదు అడుగులకు మించదు. నాలుగో అంతస్తు నుంచి మనిషిని ఎలా దించుతారో చేసి చూపించమనండి. బాత్రూంలో ఎమర్జెన్సీ బటన్ గోడకి నాలుగడుగుల ఎత్తున ఉంటే కింద పడ్డ మనిషికి అందదు. నేల దాకా వేలాడే తాడు ఉండాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ తాడు లాగండి, ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చాడో గడియారం చూసుకోండి. పక్షవాతం వస్తే మెదడులో రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, దానికి ముందు సీటీ స్కాన్ తీయాలి. హైదరాబాద్ శివార్లలో శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట వైపు పచ్చని చెట్ల మధ్య ఉన్నచోటు నుంచి సీటీ ఉన్న ఆసుపత్రికి ఆదివారం సాయంత్రం ఎంతసేపు పడుతుందో కారులో వెళ్లి చూడండి. బ్రోషర్‌లో రాసిన నిమిషాలు ఏ తెల్లవారుజామువో. ఆసుపత్రితో ‘టై-అప్’ ఉందంటే చాలాసార్లు బిల్లులో కాస్త తగ్గింపు అనే అర్థం.

ఇప్పుడు అసలు పాయింటు. ‘మంచాన పడినా చివరిదాకా వాళ్లే చూసుకుంటారు, పిల్లలు రానక్కర్లేదు.’ ఈ ముక్క రాసిన మనిషి మంచాన పడ్డవాళ్లని ఒక్క పూటైనా పక్కకి తిప్పి ఎరగడు. ఒప్పందం కాగితం చివరి పేజీల దాకా చదివీ ఎరగడు.

ఎక్కువమంది చేరేది ‘ఇండిపెండెంట్ లివింగ్’లో. పేరులోనే ఉంది. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం, ఈ ఆరూ సొంతంగా చేసుకోగలిగినన్నాళ్లే ఆ గది మీది. చేసుకోలేనప్పుడు ఏమవుతుందో ఒప్పందంలో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: సొంత ఖర్చుతో మనిషిని పెట్టుకోవాలి, లేదా అసిస్టెడ్ లివింగ్‌కి, అంటే రోజువారీ పనులకు సాయం చేసే విభాగానికి, మారాలి, లేదా ఖాళీ చేయాలి. ఆరింటిలో ఎన్ని తప్పితే మారాలి? అది తేల్చేది ఎవరు, వాళ్ల డాక్టరా, మీ డాక్టరా? మారేచోట మంచం ఖాళీ లేకపోతే? అసలు అదే ఆవరణలో ఆ విభాగం ఇప్పుడు నడుస్తోందా, ‘ఫేజ్ టూ’లో రాబోతోందా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు లేకుండా సంతకం పెట్టకండి.

పూర్తిగా మంచానికే పరిమితమైన మనిషికి రోజుకి ఏం చేయాలో చెబుతాను, లెక్క మీరే వేసుకోండి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, అంటే రాత్రీ పగలూ కలిపి పన్నెండు సార్లు. తిప్పకపోతే నడుం కింద, మడమల మీద చర్మం ఎర్రబడి పుండవుతుంది. గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు. డెబ్బై కిలోల మనిషిని ఒక్కరే లాగితే చర్మం ఒరుసుకుపోతుంది, కింద అడ్డంగా దుప్పటి పరిచి ఇద్దరు చెరోవైపు పట్టి జరపాలి. ముక్కులో గొట్టం ఉంటే రెండు మూడు గంటలకోసారి దాదాపు 200 మిల్లీలీటర్ల ద్రవాహారం పోయాలి. పోసేటప్పుడూ, ఆ తర్వాత కనీసం అరగంటా తలవైపు ఎత్తి ఉంచాలి. లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. డైపర్లు రోజుకి నాలుగైదు. మూత్రం గొట్టం ఉంటే దాని రకాన్ని బట్టి డాక్టరు చెప్పిన గడువుకి మార్చాలి, అది నర్సు పని, ఆయా పని కాదు. ఇదంతా ఒకే ఆయాతో ఇరవై నాలుగ్గంటలూ నడవదు, ఆమె కూడా మనిషే, నిద్రపోవాలి. రెండు షిఫ్టులు కావాలి. ఆమె ఎక్కడ పడుకుంటుంది, ఆమె భోజనం బిల్లు ఎవరిది, బయటి ఏజెన్సీ మనిషిని రానిస్తారా, లేక వాళ్లు చెప్పిన ఏజెన్సీ నుంచే తీసుకోవాలా? దసరాకో సంక్రాంతికో ఆమె ఊరెళితే బదులు మనిషిని తెచ్చే బాధ్యత ఎవరిది? పెద్దవాళ్లు నలిగిపోయేది పండగ వారంలోనే.

మతిమరుపు జబ్బు ఇంకో రకం. ఒంట్లో శక్తి ఉంటుంది, నడుస్తారు. సాయంత్రమయ్యేసరికి ‘మా ఇంటికి పోతాను’ అని తలుపు తీసుకుని బయల్దేరతారు, పక్కవాళ్ల తలుపు కొడతారు. రెండో ఫిర్యాదుకి పిల్లలకి మెయిల్ వస్తుంది. వీళ్లకు విడిగా మెమరీ కేర్, అంటే మతిమరుపు ఉన్నవాళ్లని కనిపెట్టుకుని ఉండే విభాగం, కావాలి, అది అన్నిచోట్లా ఉండదు. భర్తకి జబ్బు, భార్య బాగానే ఉందనుకోండి. ఇద్దరినీ విడదీస్తారా? రెండు గదులకు రెండు ఛార్జీలా? ఆవిడ ఒక్కతే ఉండిపోయిన గదికి ఇద్దరి ఛార్జీ తీసుకుంటారా, ఒకరిదా? చేరేనాడు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. అడగాల్సింది అప్పుడే.

‘పిల్లలు రానక్కర్లేదు’ అంటారు కదా. ఆపరేషన్‌కి ఆసుపత్రిలో సంతకం ఎవరు పెడతారు? సీనియర్ లివింగ్ సిబ్బంది పెట్టరు, పెట్టకూడదు కూడా. గంటలో రాగలిగే మేనల్లుడో, తోడల్లుడో, పాత కొలీగో ఒకరి పేరు కాగితం మీద ఉండాలి, వాళ్లని ముందే అడిగి ఒప్పించి ఉండాలి. ‘చివరిదాకా’ అన్నారు కాబట్టి అదీ చెబుతాను. గదిలో ప్రాణం పోతే మరణానికి కారణం రాసే ఫారం 4ఏ మీద సంతకం పెట్టే డాక్టరు ఎవరో తెలిసి ఉండాలి, లేకపోతే అర్ధరాత్రి డాక్టరు కోసం పరుగులు. కొడుకు చికాగో నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు ఆవరణలో పెట్టనిస్తారా, మార్చురీకి పంపాలంటారా? 21 రోజుల్లో మరణం నమోదు చేయించేది ఎవరు? మంచి యాజమాన్యాలు వీటికి తడుముకోకుండా జవాబు చెబుతాయి, అలాంటివి ఉన్నాయి కూడా. ‘అవన్నీ ఇప్పుడెందుకు సార్’ అన్నారంటే లేచి వచ్చేయండి.

ఏడో పాయింటు మాత్రం ఒప్పుకోవాల్సిందే, దీన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. చేరేట్టయితే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే చేరాలి. ఎనభై దాటి తుంటి ఎముక విరిగాక వెళితే చాలాచోట్ల ఆరోగ్య పరీక్ష దగ్గరే కాదంటారు. మరుపు మొదలయ్యాక కొత్త గదిలో బాత్రూం ఎటుందో మనసుకి ఎక్కదు. స్నేహాలు కుదిరేది నడవగలిగినప్పుడే. పైగా ఒప్పందం తామే చదువుకుని, తామే బేరమాడగల వయసులో వెళితే పైన చెప్పిన షరతులు సగమైనా రాయించుకోగలరు. పెద్దవాళ్లు ఇష్టపడి వెళితే ‘పిల్లలు వదిలేశారు’ అని గుసగుసలాడే బంధువులని పట్టించుకోనక్కర్లేదు. నలుగురితో కలిసి తినడం, రాత్రి దొంగల భయం లేకపోవడం, పనిమనిషి రాకపోయినా రోజు గడవడం, ఇవి చిన్న విషయాలు కావు.

డిపాజిట్ కట్టేముందు ఒక నెల అద్దెకి ఉండి చూస్తామని అడగండి. ఆ నెలలో అసిస్టెడ్ లివింగ్ అంతస్తుకి ఉదయం ఆరింటికి వెళ్లండి, సేల్స్ మనిషి లేకుండా. రాత్రి డైపర్లు మార్చారో లేదో వాసనే చెబుతుంది. ఖాళీ చేసి వెళ్లిన కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమని యాజమాన్యాన్ని అడగండి. డిపాజిట్ ఎన్ని నెలలకు వచ్చిందో, ఎంత కోసుకున్నారో వాళ్లు చెబుతారు.