ఫ్లాష్‌బ్యాక్ లేని హంతకుడు

మన సినిమాల్లో దెయ్యానికి కూడా ఫ్లాష్‌బ్యాక్ ఉండి తీరాలి. బతికున్నప్పుడు అది ఎంత మంచిదో, ఎవరు అన్యాయం చేశారో ఇంటర్వెల్ తర్వాత అరగంట చెబితేగానీ మనకి తృప్తి ఉండదు. ఆ అలవాటుతో 1974 నాటి ‘బ్లాక్ క్రిస్మస్’ చూస్తే, అందులో హంతకుడికి ఏ ఫ్లాష్‌బ్యాకూ లేనందుకు ఒళ్లు మండుతుంది. నా మటుకు నాకు దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. (కథ చివరిదాకా చెప్పేస్తున్నాను. యాభై ఏళ్లు దాటిన సినిమాకి ఇక దాపరికం ఏమిటి?)

బాబ్ క్లార్క్ టొరంటోలో తీసిన సినిమా ఇది. క్రిస్మస్ సెలవులకి ఖాళీ అవుతున్న ఇంట్లో కాలేజీ అమ్మాయిలు, కింద పార్టీ. ఎవడో గోడ పట్టుకుని పైకెక్కి అటక కిటికీలోంచి లోపలికి దూరతాడు. మనిషి కనబడడు, వాడి కళ్లతో మనమే ఎక్కుతాం. కెమెరా ఆపరేటర్ బర్ట్ డంక్ కెమెరాని ఒంటికి బిగించుకుని నిజంగానే ఎక్కాడు. నాలుగేళ్ల తర్వాత ‘హాలోవీన్’ కూడా ఇలా హంతకుడి చూపుతోనే మొదలైంది. కానీ కాసేపటికే ముసుగు లాగి ఆరేళ్ల పిల్లాణ్ణి చూపించేసింది. 1980లో వచ్చిన ‘ఫ్రైడే ది థర్టీన్త్’ అయితే చివర్లో హంతకురాలి చేతే కారణమంతా చెప్పించింది. చూపునైతే అందరూ తీసుకున్నారు గానీ, చెప్పకుండా ఉండే నిబ్బరం ఎవరికీ రాలేదు.

‘బ్లాక్ క్రిస్మస్’లో ఆ అమ్మాయిల్లో మొదట చనిపోయేది క్లేర్. మర్నాడు కూతుర్ని ఇంటికి తీసుకెళ్దామని తండ్రి వస్తాడు. చెప్పిన చోట ఎదురుచూసి, పిల్ల రాకపోయేసరికి ఆ ఇంటికే వెళ్తాడు. అప్పటికి ఆమె అదే ఇంటి అటక మీద, తలకి ప్లాస్టిక్ కవరుతో ఉయ్యాల కుర్చీలో ఉంది. ఆ సంగతి మనకి తెలుసు, ఆయనకి తెలీదు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు చేస్తే, ఏ బాయ్‌ఫ్రెండ్‌తోనో వెళ్లుంటుందిలే అని తేల్చేస్తారు. పిల్లల్ని దూరం పంపి చదివించిన తల్లిదండ్రులకి ఈ భాగం కత్తిపోట్లకంటే కష్టంగా ఉంటుంది.

ఇక ఫోన్. ఆ ఇంటికి అసభ్యమైన ఫోన్లు వస్తూనే ఉంటాయి. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కోవాలంటే ఆ రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మనిషి యంత్రాల వరసల మధ్య పరుగెత్తుతూ, ఏ స్విచ్ కదులుతోందో కళ్లతో చూసి పట్టుకోవాలి. అందాకా ఆ ఇంట్లో అమ్మాయి జెస్ లైన్లోనే ఉండి ఆ వెర్రి అరుపులన్నీ వినాలి. అక్కడ ఆయన పరుగు, ఇక్కడ ఈమె ఓర్పు. నెమ్మదిగా సాగడమంటే ఇదీ, ఊరికే సీన్లు సాగదీయడం కాదు. తీరా దొరికిన అడ్రసు అదే ఇల్లు! వార్డెనమ్మ వాడుకునే రెండో లైన్ అది.

రక్తం పెద్దగా ఉండదు. బార్బ్ అనే ఇంకో అమ్మాయి హత్య జరిగేటప్పుడు కింద గుమ్మం దగ్గర పిల్లలు క్రిస్మస్ పాటలు పాడుతుంటారు, జెస్ నిలబడి వింటూ ఉంటుంది. పైన హంతకుడి చేతిలో గాజు బొమ్మ ఒకటి లేచి దిగుతుంది. పిల్లల గొంతుల్లో అరుపు కలిసిపోతుంది. నేపథ్య సంగీతానికి కార్ల్ జిట్రర్ పియానో తీగలకి ఫోర్కులు, దువ్వెనలు కట్టి వాయించాడట. ఆ మోతని సంగీతమనడానికి నాకు నోరు రాదు, కానీ పని చేసింది.

చివర్లో జెస్ తన ప్రియుణ్ణే హంతకుడనుకుని చంపేస్తుంది. పోలీసులూ అదే నమ్మి, ఆమెకి మత్తిచ్చి పడుకోబెట్టి, కేసు తేలిందనుకుంటారు. అసలువాడు అటక మీదే ఉంటాడు. వాడి పేరు బిల్లీ కావచ్చు. అంతకుమించి ఏమీ చెప్పరు.

2006లో దీన్ని మళ్లీ తీసినవాళ్లు బిల్లీకి చిన్నతనం, పసుపు పచ్చటి ఒళ్లు, రాక్షసిలాంటి తల్లి, అన్నీ పెట్టారు. అచ్చం మన ఫ్లాష్‌బ్యాకే! దాంతో వాడు జాలిపడాల్సిన కేసుగా మిగిలాడు, భయం కాస్తా పోయింది.

మన సంఘం సినిమా రాత్రికి ఈసారి పాతదే వేయమని నా మనవి. హాలోవీన్ పండగొచ్చే అక్టోబరులో కాదు, డిసెంబరులో. పిల్లల్ని మాత్రం ఇంట్లో వదిలి రండి. వాళ్లకి ఇదే బాబ్ క్లార్క్ 1983లో తీసిన ‘ఎ క్రిస్మస్ స్టోరీ’ పెట్టండి, హాయిగా నవ్వుకుంటారు.