రగ్గు కప్పుకునే హక్కు

మే నెలలో కడప 44 డిగ్రీలు దాటగానే మనం మొదట చేసే పని ఏసీని 18లో పెట్టడం. తర్వాత చేసే పని బీరువాలోంచి రగ్గు తీయడం. ఇది చూసి నవ్వేవాళ్లకు సీమ బాధ తెలియదు. తరతరాలుగా చలంటే ఏందో ఎరగని జనం మనం. ఇన్నాళ్లకు రగ్గు కప్పుకునే యోగం పట్టింది. ఇప్పుడు వదులుకోమంటే ఎట్లా?

పైగా ఆ రగ్గు వెనక ఎంత శ్రమ! ఎక్కడో సింగరేణిలో తవ్విన బొగ్గు, వ్యాగన్లెక్కి వందల కిలోమీటర్లు దాటి ముద్దనూరు పక్కన కలమళ్లకు వస్తుంది. అక్కడ మన ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, 1,650 మెగావాట్లు. దానికి నీళ్లు మైలవరం జలాశయం నుంచి. సీమకు నీళ్లు లేవని వాపోయేవాళ్లు ఈ సంగతి ఎందుకో మరిచిపోతుంటారు.

లెక్క కూడా చూద్దాం. రాత్రికి ఏసీ ఎనిమిది యూనిట్లు తాగిందనుకోండి. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గు, కిలో దాకా కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక్క రాత్రి రగ్గు సుఖానికి ఐదారు కిలోల బొగ్గు. అందులో మూడో వంతు బూడిదే. ఆ బూడిదతో ఇటుకలు చేస్తారు. ఆ ఇటుకలతో మనం మేడమీద ఇంకో గది వేస్తాం, ఆ గదికి ఇంకో ఏసీ కొంటాం. ఇంతకన్నా పకడ్బందీ అభివృద్ధి ఎక్కడైనా ఉందా?

మా వీధిలో అభివృద్ధి ఇంకా వేగంగా జరుగుతోంది. సందు మనిషి పట్టేంత. ఒకరి ఔట్‌డోర్ యూనిట్ వేడిగాలి నేరుగా ఎదురింటి కిటికీలోకి కొడుతుంది. పాపం వాళ్లు నెల తిరక్కుండా ఏసీ కొన్నారు. వాళ్ల వేడి ఇప్పుడు వెనకింటికి పోతోంది. వెనకింటాయన ఈఎంఐ వివరాలు కనుక్కుంటున్నాడు.

కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లు మాత్రం 24లో పెట్టుకోండంటారు. డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు మిగులుతుందట. 2020 నుంచి కొత్త ఏసీ ఆన్ చేస్తే 24 దగ్గరే మొదలవ్వాలని రూలు కూడా తెచ్చారు. ఆ రూలును ఓడించడానికి రిమోట్ మీద ఆరు నొక్కులు చాలు. కళ్లు మూసుకునే నొక్కేస్తాం.

అసలు దోషి సూర్యుడు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో పలకలు పరిచి, 1,000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టి గౌరవించాం. పగలంతా మన వీపులు మాడ్చి, సరిగ్గా ఏసీలు వేసే వేళకు డ్యూటీ దిగిపోతాడు. ఇక మళ్లీ కలమళ్లే గతి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో దీనికో ఉపాయం పన్నారు: పగటి కరెంటుతో నీళ్లను పైజలాశయానికి ఎక్కించడం, చీకటి పడ్డాక టర్బైన్ల మీదుగా కిందికి వదలడం. ఎక్కించేటప్పుడు కొంత కరెంటు నష్టం. అయినా బొగ్గు తగలేయడంకన్నా నయమేనని ఇంజనీర్ల వాదన.

ఇంత కష్టం దేనికి? నిద్రనే మధ్యాహ్నానికి మార్చేస్తే సోలార్ కరెంటుతోనే రగ్గు కప్పుకోవచ్చు. ఈ పద్ధతి మన ఆఫీసుల్లో ఎప్పటినుంచో అమల్లో ఉంది. ఇళ్లకు విస్తరిస్తూ ఒక జీవో ఇస్తే సరి.