650 గుర్రాలు, ఒక్కదానికీ లాడం లేదు

"మనది ఆల్ వీల్ డ్రైవ్‌రా. మంచు మనల్నేం చేస్తుంది?"

ఈ మాట ఎవరి నోట విన్నా నేను వెంటనే సీటు బెల్టు ఇంకోసారి లాగి చూసుకుంటాను. పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీ, అంటే రేసుకారు ఇంజిన్ బిగించినట్టుండే ఎత్తుబండి, కొన్న మహారథులకు ఇది తారకమంత్రం. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కాబట్టి ప్రకృతి తమకు దారి ఇచ్చి పక్కకు తప్పుకుంటుందని వాళ్ల గట్టి నమ్మకం. "కదలడానికి సరే, ఆగడానికి?" అని అడిగి చూడండి. బ్రేకులు డొక్కు కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆ విషయంలో మీకు దక్కిన అదనపు వరమేమిటని అడగండి. కారు కొనలేనివాడి కడుపుమంట అన్నట్టు జాలిగా చూస్తారు.

పాపం, వాళ్ల బళ్లు సామాన్యమైనవా! 2018లో వచ్చిన లంబోర్గినీ ఉరుస్‌కి 650 గుర్రాల బలం. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 3.6 సెకన్లు. మొన్నటి పోర్షే కయెన్ టర్బో జీటీకి 3.3 సెకన్లే చాలు. రెండు టన్నులకు పైబడిన ఇనుము అంత తొందరగా ఎక్కడికి పోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఉరుస్‌లో మంచుకోసం ప్రత్యేకంగా 'నేవే' అనే మోడ్ కూడా ఉంది. ఇటాలియన్‌లో నేవే అంటే మంచే. మహారథి ఆ మీట కదిపాడంటే రోడ్డు మీద మంచు కరిగించే ఉప్పు దానంతటదే పడుతుందని అనుకుంటాడు. ఏ కంపెనీ మంచు మోడైనా చేసేది ఇంజిన్ దూకుడు తగ్గించడం, చక్రాల మధ్య పవర్ పంపకం సర్దడం. రోడ్డును పట్టుకోవాల్సింది మాత్రం రబ్బరు. ఆ రబ్బరు ఈ బళ్లకు చాలావరకు ఎండాకాలానిదే వస్తుంది. 7 డిగ్రీల కిందికి పోయేసరికి అది బిగుసుకుపోతుంది. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉన్న టైరు, అంటే చలికి పనికొచ్చే వింటర్ టైరు, వేసుకోవాలని ఎవరైనా చెబితే, "దానికి లుక్ రాదు" అంటాడు. పైగా 22 అంగుళాల చక్రాలకు అంత వెడల్పు టైర్లు! పొడి రోడ్డు మీద అవి భలే పట్టు, లోతైన మంచులో మాత్రం తెప్పలు. సన్నటి టైరు మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, ఇవి పైన తేలుతాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

ఇక మా బావ సంగతి. కంపెనీ పేరు చెప్పను, ఆ బండి చేసిన పాపమేమీ లేదు.

మొదటి మంచు పడ్డ పొద్దున నన్ను ఎక్కించుకున్నాడు. దారిలో ఒక చిన్న ఎత్తు ఉంది. ఎంత ఎత్తంటే, సైకిల్ మీద వెళ్లే పిల్లాడు దాన్ని ఎత్తుగా గుర్తించడు. బావ యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజిన్ సింహంలా గర్జించింది. నాలుగు చక్రాలూ సర్వసమానత్వంతో అక్కడికక్కడే తిరిగాయి. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ పసుపు రంగులో టపటపా కొట్టుకుంది. "చూశావా, సిస్టమ్ పనిచేస్తోంది" అన్నాడు బావ.

పనిచేస్తోంది, నిజమే. మేం కదలట్లేదంతే.

ఒక నిమిషం ఆలోచించి స్పోర్ట్ మోడ్‌లో పెట్టాడు. ఇందాక పవర్ చాలలేదట! ఆ తర్వాత చక్రాలు ఊరికే తిరగకుండా పట్టి ఆపే ట్రాక్షన్ కంట్రోల్ తీసేశాడు. అప్పుడు బండి కదిలింది. వెనక్కి. కాస్త అడ్డంగా కూడా. తొందర లేకుండా, పెళ్లి ఊరేగింపులో కారు ఎలా పోతుందో అలా పోయింది. బురదమంచు పట్టిన సెన్సర్లు నాలుగు వైపులా ఒకేసారి అరిచాయి. కెమెరా స్క్రీన్ మీద తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. "బావా, బ్రేక్!" అన్నాను. "తొక్కే ఉన్నాను" అన్నాడు, గొంతులో మొదటిసారి వినయంతో. ఇంత టెన్షన్‌లోనూ నా సీటు మసాజ్ ఆగలేదు. వెనక్కి జారిపోతూ నడుము నొక్కించుకునే యోగం ఎంతమందికి పడుతుంది? చివరికి రోడ్డు పక్క మంచు కుప్ప మమ్మల్ని మెత్తగా ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

అప్పుడొచ్చిందండీ ఒక చిన్న కారు. తలుపుకు సొట్ట, ముందు రెండు చక్రాలకే పవర్, వింటర్ టైర్లు. నడిపేది ఒక పెద్దావిడ. మమ్మల్ని దాటి నింపాదిగా ఎత్తెక్కి వెళ్లిపోయింది. కనీసం మావైపు చూసి నవ్వి ఉంటే కొంత మర్యాదగా ఉండేది. "తేలిక బండి కదా, అందుకే ఎక్కింది" అని తీర్పిచ్చాడు బావ.

ఈ ఎక్కుడు పిచ్చి పాతదే. 1986లో ఆడీవాళ్లు ఫిన్లాండ్‌లో స్కీ జంప్ కొండ మీదికి తమ ఆల్ వీల్ డ్రైవ్ క్వాట్రో కారును ఎక్కించి ప్రకటన తీశారు. జనానికి క్వాట్రో గుర్తుండిపోయింది. దాని టైర్లకున్న మేకులు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఎత్తెక్కలేనివాడితో పేచీ లేదు, నవ్వుకుని ఊరుకుంటాం. నా పేచీ ఎక్కగలిగినవాడితో. చదునైన రోడ్డు మీద ఈ బండి మంచులో కూడా బాగానే పరుగెత్తుతుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. 50 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ తొక్కితే పొడి రోడ్డు మీద సుమారు 12 మీటర్లలో ఆగే బండి, గట్టిపడిన మంచు మీద 50 మీటర్ల దాకా పోతుంది. గాజులాంటి ఐస్ మీదైతే 100కి దగ్గర. మీ ముందు బ్రేకు డిస్కు 440 మిల్లీమీటర్ల కార్బన్ సిరామిక్ కావచ్చు. పట్టు ఇవ్వాల్సిన రోడ్డుకి ఆ సంగతి తెలియదు. ఆ 100 మీటర్ల అవతల బడి ముందు జీబ్రా గీతల దగ్గర బ్యాగు తగిలించుకుని నిలబడ్డ పిల్లకి అసలే తెలియదు. కారు ఆగుతుందనే నమ్మకంతో అడుగు వేస్తుంది. నువ్వేమో నా వెనక బంపరుకు ముక్కు ఆనించి, నీ ఎత్తు హెడ్‌లైట్లు నా అద్దంలో కొడుతూ తప్పుకోమంటావు. ముందు అద్దం మీద మొహమంత కన్నం గీక్కున్నావు, టాప్ మీద పరుపంత మంచును అలాగే మోసుకొస్తున్నావు. బ్రేక్ తొక్కితే అది జారి నీ కళ్లకే గంతలు కడుతుంది, వేగం పెంచితే ఎగిరి వెనకవాడి అద్దం మీద పడుతుంది. దులపడానికి రెండు నిమిషాలు పట్టదు. అంత డబ్బు కారు మీద పోసి నాలుగు టైర్లు మార్చడానికి చేతులు రానివాడివి, ఒకరి ప్రాణం మీదికి మాత్రం 3.6 సెకన్లలో వస్తావా? సిగ్గుండక్కర్లేదా?

సరే, బావ దగ్గరికి వద్దాం. ఆ రోజు తర్వాత వింటర్ టైర్లు చూడటానికి షాపుకి వెళ్లాడు. కాస్త సన్నటి చక్రాలు చూపిస్తే "ఎడ్లబండిలా ఉంటుంది" అని వెనక్కొచ్చేశాడు. బండికి కవర్ తొడిగి గ్యారేజీలో పెట్టాడు. మళ్లీ మంచు పడ్డ రాత్రి ఫోన్ చేశాడు.

"ఏరా, రేపు నీ కారులో నన్ను ఆఫీసు దగ్గర దింపుతావా?"

దింపాను. ఆ చిన్న ఎత్తు కూడా ఎక్కాం. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎత్తు దాటాక నడుము అటూ ఇటూ కదిపి అడిగాడు.

"నీ సీటుకి మసాజ్ లేదేంట్రా?"