ముందు మీరు

కనుమ నాడు అత్తారింట్లో అల్లుళ్లను ఊరికే కూర్చోనివ్వరు. అమలాపురం దగ్గర ప్లాట్లు అమ్ముడుపోని ఓ లేఅవుట్‌లో రోడ్డు మాత్రం తిన్నగా ఉందని బైకులకు డ్రాగ్ రేస్ పెట్టారు. మా బావమరిది నా పేరూ, తోడల్లుడి పేరూ రాయించేశాడు. బండి ఎవరిదో, హెల్మెట్ ఎవరిదో అడక్కండి. డ్రాగ్ రేస్ అంటే ఇద్దరు పక్కపక్కనే ఆగి, లైటు పడగానే తిన్నగా దూసుకెళ్లే పందెం. అసలు పావు మైలు, 402 మీటర్లు. మాకు అందులో సగమే పెట్టారు. ఆ తర్వాత పంటకాలువ మరి.

లైన్ దగ్గర లైట్ల స్తంభం. సంక్రాంతికి పెట్టినా దాన్ని క్రిస్మస్ ట్రీ అనే అంటారట. రోడ్డుకు అడ్డంగా రెండు కాంతి రేఖలు. ముందు చక్రం మొదటిదానికి తగిలితే ప్రీస్టేజ్ బల్బు, ఇంకో 7 అంగుళాలు జరిగితే స్టేజ్ బల్బు వెలుగుతాయి. ఇద్దరూ స్టేజ్‌లోకి వస్తేనే పందెం మొదలు.

గోదావరి వైపు 7 అంగుళాలంటే మాటలా? తోడల్లుడు హెల్మెట్ అద్దం పైకెత్తి, "అన్నయ్యగారూ, ముందు మీరు" అన్నాడు. నేను పెద్దల్లుణ్ణి. "అబ్బే, మీరే కానివ్వండి" అన్నాను. "పెద్దవారుండగా నేనా?" "ఇందులో పెద్దా చిన్నా ఏంటండీ!" మా పెళ్లిలో ఇలాగే రెండు వైపుల పెద్దలూ "ముందు మీరు" అనుకుంటూ నిలబడి మొదటి బంతి సాంబారు చల్లార్చేశారు. మైకు పట్టుకున్నాయన, "అల్లుళ్లుగారండీ, ఇది బంతి కాదండి, పందెం అండి" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆయనకు మైకు ఎవరిచ్చారో తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

చివరికి తోడల్లుడు వినయంగా తలొంచి లోపలికి జరిగాడు. జరిగినవాడు ఆగాడా? ప్రీస్టేజ్ బల్బు ఆరిపోయేదాకా ఇంకాస్త జరిగాడు. దాన్ని డీప్ స్టేజింగ్ అంటారని, అలా చేస్తే చక్రం రెండో రేఖను వదలడానికి దూరం తక్కువని బావమరిది తర్వాత చెప్పాడు. ముందు చెబితే వాడి సొమ్మేం పోయేది? నేను పద్ధతిగా బల్బు వెలగగానే ఆగి, "అలా రండి" అన్నట్టు తోడల్లుడి వైపు చూసి తలూపాను. పసుపు లైట్లు అర సెకనుకొకటి దిగుతాయట. నేను తలూపడం పూర్తయ్యేసరికి పచ్చ లైటు, పక్కన పొగ.

పందెం ఎలా నడిచిందో వదిలేద్దాం. తర్వాత చీటీ ఇచ్చారు: నా పరుగు 11.42 సెకన్లు, తోడల్లుడిది 11.90. గెలిచింది తోడల్లుడు!

అడిగితే మైకాయన కిందే రియాక్షన్ టైం, అంటే పచ్చ లైటు పడ్డాక కదలడానికి పట్టిన సమయం, చూపించాడు. నాది 1.63, అతనిది 0.41. పరుగు గడియారం పచ్చ లైటుతో మొదలవదట, నా చక్రం స్టేజ్ రేఖను వదిలినప్పుడే మొదలవుతుందట. నేను మర్యాద చేసిన సమయం అందులో కలవదు, పందెంలో మాత్రం కలుస్తుంది. పైగా నేను రేఖ అంచునే ఆగాను కాబట్టి అది వదిలేసరికే బండి కాస్త ఊపందుకుందట, 11.42లో ఆ పుణ్యమూ ఉందట. ఉన్న ఒక్క మంచి అంకెనూ అలా తీసేశాడు.

ఇంటికొచ్చి చీటీ మా ఆవిడకు చూపించాను. "చూశావా, నాదే తక్కువ."

కిందిదాకా చదివి, "ఆ ఒకటిన్నర సెకను ఏం చేస్తున్నారండీ?" అంది.

జవాబు ఆలోచించేలోపు అత్తయ్యగారు తోడల్లుడి ఆకులో రెండో పూతరేకు వేసేశారు.